బట్టతల మేష్టారి పాఠాలు

ఇంటి నుంచి,
మార్చి 5

తమ్ముడూ,

నువ్వు క్వారీ క్యాంపుకి క్షేమంగా చేరావని లారీ డ్రైవరు చెప్పాడు. ఆ ముక్క నువ్వే రాసి ఉంటే పోస్టుమాన్‌కి కాస్త పని దొరికేది. పేలుడు మందు ఉన్నచోట ఫోన్లు పనికిరావని గేటు దగ్గరే తీసేసుకుంటారట కదా. మంచిదే. మధ్యలో అడ్డు రాకుండా నా మాట వినడం నీకు ఈ జన్మలో ఇదే మొదటిసారి.

మిల్లు మూసేశారు. గేటుకి కాగితం అంటించి వెళ్లిపోయారు. వైండింగ్ సెక్షన్‌లో ఇరవై రెండేళ్లు తెగిన దారాలు ముడివేసిన మనిషిని, ఖాళీగా కూర్చోమంటే కూర్చోగలనా? వారంలో ఇంట్లో గిన్నెలన్నీ మూడుసార్లు తోమాను. నాలుగోసారి మొదలుపెడితే మీ బావ చేతిలోంచి గిన్నె లాక్కుని, "అడుగు అరిగిపోతోందే, దాన్ని వదిలెయ్" అన్నారు. ఆయన బస్సు డ్యూటీ ఆయనకుంది, నాకేముంది?

ఇంకో సంగతి. నీ కటింగు షాపుకి గది అద్దెకిచ్చిన వడ్రంగి నిన్న ఆపి మాట్లాడాడు. "మీ తమ్ముడు వచ్చేది సెప్టెంబరుకి. అన్నాళ్లు మూసి ఉంచితే గది చెదలపాలు. ఏప్రిల్ ఆఖరుకల్లా తెరవకపోతే నా చెక్కలు పెట్టుకుంటానమ్మా" అన్నాడు. మాట మెత్తగానే ఉంది గానీ మనిషి గట్టివాడు.

ఇక అసలు సంగతి. నేను కటింగు నేర్చుకుంటున్నాను. నవ్వకు. ఫోనులో వీడియోలు చూసి. ఒక బట్టతల మేష్టారున్నాడు. ఏ దేశంవాడో తెలీదు. మాట ఒక్క ముక్క అర్థం కాదు, కింద అక్షరాలు పడతాయి, అవీ నాకు రావు. చేతులు చూస్తాను, అంతే. దారం ముడివెయ్యడం నాకెవరైనా నోటితో చెప్పారా? పక్క మిషను ఆవిడ చేతులు చూసి నేర్చుకున్నదే. కుండ బోర్లించి, దాని చుట్టూ మిల్లు దారం జుట్టులా అంటించి, రెండు పూటలా దాని మీద సాధన చేస్తున్నాను.

నీ షాపు తాళంచెవి పంపు. నేను తెరుస్తాను.

అక్క

*

క్వారీ క్యాంపు నుంచి,
మార్చి 17

అక్కా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా "ఇదంతా సరదాకి రాశాను" అని ఉంటుందేమోనని.

చూసి నేర్చుకునే పనే అయితే ఇరవై ఏళ్లుగా నా అద్దం ముందు కూర్చున్నవాళ్లందరూ ఈపాటికి షాపులు పెట్టి ఉండాలి. కుండకి చెవులు ఉండవు. కుండ తుమ్మదు. కుండ మధ్యలో తల తిప్పి వీధిలో ఎవరు పోతున్నారో చూడదు. పైగా జుట్టులేనివాడి దగ్గరా నువ్వు జుట్టు పని నేర్చుకునేది? కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. తేడా ఏమిటంటే తల ఊళ్లోవాళ్లది.

వడ్రంగికి నేను వేరే ఉత్తరం రాస్తాను. నువ్వు బెంగపెట్టుకోకు. ఇక్కడ నాకు క్షణం తీరిక లేదు. రెండొందల మంది మనుషులు, రకరకాల కటింగులు.

బావకి నమస్కారాలు. గిన్నెలు ఆయన్ని తోమనివ్వు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మార్చి 29

ఒరే,

వడ్రంగికి నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది. చదివి, మడిచి, ఊగుతున్న బల్ల కాలికింద పెట్టాడు. బల్ల ఇప్పుడు ఊగడం లేదు. అంతవరకు ఉపయోగపడింది.

నీ షాపు తలుపుకి ఇప్పటికే నాలుగు చెక్కలు ఆనించి ఉన్నాయి. "ఎండకి పెట్టానమ్మా" అంటాడు. ఆ గోడకి ఎండ సాయంత్రం అరగంట కూడా పడదు.

నీ షాపుకి వచ్చేవాళ్లు పక్కవీధికి అలవాటు పడుతున్నారు. ఇల్లు మారిన పిల్లిని వెనక్కి తెచ్చుకోవచ్చేమోగానీ కటింగు షాపు మారిన మగవాణ్ణి తేలేం. సెప్టెంబరులో నువ్వు వచ్చేసరికి గదీ ఉండదు, మనుషులూ ఉండరు. అప్పుడు నువ్వూ నేనూ కలిసి గిన్నెలు తోముదాం.

నాకు తెలియని పని చేస్తానని మొండికెయ్యడం లేదు. నేర్చుకుని చేస్తానంటున్నాను. నువ్వు అక్కడినుంచి చేసేది ఏమీ లేదు కదా, ఆ చెవి పంపడం తప్ప.

అక్క

*

క్వారీ క్యాంపు నుంచి,
ఏప్రిల్ 8

అక్కా,

చెవి ఇందులోనే ఉంది. కవరుకి నాలుగు వైపులా బంకరాశాను.

గడ్డం కత్తి ముట్టుకోకు. అది ఒట్టు. ఎవరైనా గడ్డం గీయమంటే మా తమ్ముడు వచ్చాక అను. చెక్కపెట్టెలో ఉన్న పెద్ద కత్తెర తియ్యకు, అది నేను గురువు దగ్గర అందుకున్నది. సొరుగులో ఉన్న చిన్నదానితో సరిపెట్టుకో. అద్దం పైమూల కాస్త మెల్లగా తుడువు, పగులుంది. కుర్చీ పెడలు ఒక్కోసారి దిగిపోతుంది, కూర్చున్నవాళ్లకి ముందే చెప్పు, లేకపోతే భూకంపం అనుకుంటారు.

మొదట బావ తల మీద చెయ్యి. ఇంటిగుట్టు ఇంట్లోనే ఉంటుంది.

తమ్ముడు

*

షాపు నుంచి,
ఏప్రిల్ 27

తమ్ముడూ,

పైన చూశావా, షాపు నుంచి అని రాశాను. చెక్కలు నేనూ మీ బావా మోసి వడ్రంగి వాకిట్లో పెట్టాం. ఆయన వాటిని చూసి తల గోక్కున్నాడు.

మీ బావ తల ఇవ్వలేదు. నేను కత్తెర పట్టుకుంటే చాలు, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుంటున్నారు. ఎవరైనా చూస్తే ఏదో ఘోరం జరిగిందనుకుంటారు.

ఇక్కడ వసతిగానే ఉంది. నా ఫోను బ్యాటరీ పోయింది కదా, వైరుకి తగిలిస్తేనే బతికి ఉంటుంది. ప్లగ్గు వెనకగోడకి ఉంది. ఫోను అక్కడే మేకుకి వేలాడదీసి, నీ పెద్ద అద్దంలో బట్టతల మేష్టార్ని చూస్తూ చేస్తున్నాను. ఇంట్లోనూ బీరువా అద్దంలో ఇలాగే చూసేదాన్ని. తల తిప్పే పని లేదు.

పోస్టుమాన్ మొదటి గిరాకీ. బాగానే కుదిరింది.

ఒక్కటే చిక్కు. సొరుగులో కత్తెర మొండిది. వెంట్రుక తెగకుండా మడతపడుతోంది. కుండ మీద దారం కూడా ఇలాగే మడతపడితే దారం తప్పనుకున్నాను. సానపట్టించాను, అయినా అంతే. అందుకని పెట్టెలోది తీశాను. కోప్పడకు. అదీ మొండిదే. ఇరవై ఏళ్లు దీంతో ఎలా నెట్టుకొచ్చావురా?

అక్క

(కవరు వెనక, పెన్సిలుతో, వేరే చేతిరాత:)
అయ్యా, మీ అక్కగారు నా నెత్తిమీద మెట్లు కట్టారు. ఎక్కడమే తరువాయి. టోపీ పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ ముక్క రాసినట్టు ఆవిడకి చెప్పవద్దు. – పోస్టుమాన్

*

క్వారీ క్యాంపు నుంచి,
మే 9

అక్కా,

నా గురువు కత్తెర మొండిదా? దాంతో తడి జుట్టులో ఒక్క వెంట్రుకని ఏరి కత్తిరించేవాణ్ణి. ఆడలేక మద్దెల ఓడన్నారట. సానపట్టేవాడికి ఇచ్చావా? వాడు దాన్ని కొడవలి చేసి ఉంటాడు.

"బాగానే కుదిరింది" అని రాశావు. నాకు వేరే కబురందింది. ఎవరు చెప్పారని అడగకు. మెట్లు పడ్డాయా, లేదా?

నిజం రాయి. వెంట్రుక ఎక్కడ మడతపడుతోంది, మొదట్లోనా, కొసనా? సానపట్టినవాడు కాగితం కోసి చూశాడా? నువ్వు జుట్టు ఎలా పట్టుకుంటున్నావు, ఎటు నిలబడుతున్నావు, పాపిట ఎటు తీస్తున్నావు? అన్నీ రాయి. నీ మీద కోపంతో అడగడం లేదు. కొంచెం కోపంతోనే అడుగుతున్నాను.

తమ్ముడు

*

షాపు నుంచి,
మే 20

తమ్ముడూ,

కబురు చెప్పిందెవరో నాకు తెలుసు. టోపీ పెట్టుకున్నవాణ్ణి కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

మెట్లు పడ్డాయి. ఆయనకి అయిదు. తరవాత వచ్చిన ఎలక్ట్రీషియన్‌కి మూడు. ఆ ఎలక్ట్రీషియన్ లేచి, అద్దం చూసుకుని, డబ్బులు పెట్టి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. పదిరోజులుగా ఎవరూ రావడం లేదు. నిన్న వడ్రంగి టేపు పట్టుకొచ్చి గది పొడుగు కొలిచాడు. "ఊరికేనమ్మా" అన్నాడు. టేపు ఊరికే ఎవరు పట్టుకు తిరుగుతారు?

నువ్వడిగినవి. సానపట్టినవాడు నా కళ్లముందే కాగితం కోశాడు. వెన్నలా తెగింది. నేను కోస్తే నలిగింది. "కత్తెరలో ఏం లేదమ్మా, మీ చేతిలోనే ఏదో ఉంది" అన్నాడు. వెంట్రుక మొదట్లో, కొసన, అంతటా మడతపడుతోంది.

జుట్టు కుడిచేతి వేళ్ల మధ్య పట్టుకుంటాను. కత్తెర ఎడమచేత్తో.

ఈ మాట నీకు ముందే చెప్పాల్సింది. నీ మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. బట్టతల మేష్టారు ఎడమచేత్తోనే కత్తిరిస్తాడు. అన్ని వీడియోల్లోనూ అంతే. నేను ఇంకో ఇద్దర్ని కూడా చూశాను, వాళ్లూ అంతే. పెద్ద పనివాళ్ల పద్ధతి అదే కాబోలు, మన తమ్ముడికి ఎవరూ చెప్పక కుడిచేత్తో చేస్తున్నాడు, వచ్చాక నెమ్మదిగా చెబుదాం అనుకున్నాను. నాకేం కష్టం కాలేదు. మిల్లులో ముడివెయ్యడానికి రెండు చేతులూ సమానమే కదా.

పాపిట కూడా మేష్టారు నువ్వు తీసే వైపు కాకుండా అవతలి వైపు తీస్తాడు, నేనూ అటే తీస్తున్నాను.

ఇప్పుడు చెప్పు. ఈ నెలాఖరుకల్లా పని కుదరకపోతే తాళం నేనే వడ్రంగి చేతిలో పెడతాను. ఆయన కొలతలు కొలిచే అవస్థ తప్పుతుంది.

అక్క

*

క్వారీ క్యాంపు నుంచి,
మే 27

అక్కా, అక్కా, అక్కా,

లారీ ఇప్పుడే వెళ్తోందట, నిలబడి రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతున్నాయి. నవ్వుకి.

నువ్వు మేష్టార్ని చూడలేదే. అద్దంలో మేష్టార్ని చూశావు! వెనకగోడకి ఫోను, ముందు అద్దం. అద్దంలో కుడి ఎడమవుతుంది. ఆయన కుడిచేత్తోనే చేస్తున్నాడు. కింద అక్షరాలు కూడా తిరగబడే కనిపించి ఉంటాయి. నీకు ఆ భాష రాదు గనక తిరగబడినా బోర్లాపడినా నీకొకటే.

కత్తెర కుడిచేతి కోసం చేసింది. కుడి బొటనవేలు నొక్కితే రెండు అలుగులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, వెంట్రుక తెగుతుంది. ఎడమచేత్తో పట్టుకుంటే అదే నొక్కుడు వాటిని విడదీస్తుంది. సందులో వెంట్రుక మడతపడుతుంది. కత్తెరకేం రోగం లేదు. నీకూ లేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి ఫోను వైపు చూడు, చాలు.

మూడు నెలలు తిరగబడిన చేత్తో, తెగని కత్తెరతో, అయిదే అయిదు మెట్లు! నేనైతే పోస్టుమాన్ చెవి తెంపి ఉండేవాణ్ణి.

నీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. రాళ్లు పేల్చే మేస్త్రీ, ఎప్పుడూ నవ్వడు, నీళ్లు ముక్కులోకి పోయి లేచి వెళ్లిపోయాడు.

నీకు నిజం రాయమన్నాను గనక నేనూ రాస్తాను. ఇక్కడ రకరకాల కటింగులు ఏమీ లేవు. రాతిదుమ్ముకి అందరూ గుండే. రెండొందల మందికీ గుండే. మిషను పెట్టడం, తియ్యడం. మూడు నెలలుగా నా కత్తెర సంచిలోంచి బయటికి రాలేదు. నీకు రాసిన ఆ గొప్పంతా ఉత్తదే.

తాళం ఎవరి చేతిలోనూ పెట్టకు.

తమ్ముడు

*

షాపు నుంచి,
జూన్ 18

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి, వెనక్కి తిరిగి చూశాను. మేష్టారి కత్తెర కుడిచేతిలోనే ఉంది. తరవాత తలుపు వేసుకుని నవ్వాను. మీ బావకి చెప్పలేదు. చెబితే బస్సులో అందరికీ టికెట్టుతో పాటు ఇస్తారు.

కుడిచెయ్యి రెండు వారాల్లో దారికొచ్చింది. మొదటిసారి వెంట్రుక తెగిన చప్పుడు విన్నాను. అలాంటి చప్పుడు ఉంటుందని కూడా నాకు తెలీదు. పోస్టుమాన్‌ని పట్టుకుని కూర్చోబెట్టాను. "ఉన్న మెట్లు చాలు తల్లీ" అని ఏడ్చాడు. మెట్లన్నీ దించేశాను. టోపీ తీసి సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని ఊరంతా తిరిగాడు.

మొన్న వడ్రంగి భార్య వచ్చింది. గుమ్మం బయటే నిలబడి, "ఆడవాళ్లకి కూడా చేస్తారా?" అంది. ఆవిడ జుట్టు నడుం దాటి ఉంటుంది, కింద జానెడు ఎండుగడ్డిలా ఉంది. ఇన్నేళ్లూ తనే వంటింటి కత్తెరతో అద్దం లేకుండా కత్తిరించుకుందట. మగవాడి ముందు జుట్టు విప్పుకుని కూర్చోవడం ఇష్టం లేక. కత్తెర రెండుసార్లు తుడిచాను. ఇల్లుగలవాడి భార్య, అదీ ఆ గదిలో! బట్టతల మేష్టారి పాఠాల్లో అరల పద్ధతి ఉంది. తలని ఏడు అరలుగా విడదీసి క్లిప్పులు పెట్టాలి. వెనకాల కింది అరలో సన్నటి పాయ ఒకటి కొలత చూసి కత్తిరించాలి. అది దారి. ఆ తరవాత ప్రతి పాయలోనూ ఆ దారి వెంట్రుకలు కాస్త కలిపి పట్టుకుని, వాటి కొలతకే కత్తిరించాలి. మిల్లులో నమూనా దారపు కండె పెట్టుకుని మిగతావి చుట్టినట్టే.

గంటన్నర పట్టింది. ఆవిడ లేచి అద్దంలో వెనకా ముందూ చూసుకుని, "మా ఆయన్ని పిలుస్తాను, ఉండండి" అంది. ఆయనొచ్చాడు. చేతిలో టేపు ఉంది. భార్యని ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో, ఆ టేపు ఆవిడ జుట్టు అంచుకి అడ్డంగా పట్టి చూశాడు. ఎటునుంచి ఎటైనా తేడా లేదు. "నా రంపానికి కూడా ఇంత తిన్నగా రాదు" అన్నాడు. టేపు జేబులో పెట్టుకుని వెళ్లాడు. గది మాట మళ్లీ ఎత్తలేదు.

జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుందంటారు. ఈ వీధిలో జుట్టున్నమ్మలందరూ ఇప్పుడు మధ్యాహ్నాలు మన షాపులోనే ఉంటున్నారు.

అక్క

*

క్వారీ క్యాంపు నుంచి,
జులై 2

అక్కా,

ఆ ఏడు అరల సంగతి వివరంగా రాయి. పక్క అరలు ముందా, నడినెత్తి ముందా? దారి వెంట్రుకలు చెవి దగ్గరికి వచ్చేసరికి ఎలా తప్పిపోకుండా ఉంటాయి? బొమ్మ గీసి పంపు.

నేను ఇరవై ఏళ్లలో ఒక్క తలకీ అరలు తీయలేదు. దువ్వెన పెట్టి కంటి కొలతతో కొట్టుకుంటూ పోవడమే. మా గురువు అదే నేర్పాడు. బాగానే వచ్చేది. కానీ అది బాగానే ఎందుకు వచ్చేదో, ఒక్కోసారి ఎందుకు రాదో నాకు తెలిసేది కాదు.

ఇక్కడ రాతిదుమ్ములోకి వెళ్లక, గుండు చేయించుకోనివాడు ఆఫీసు టైమ్‌కీపరు ఒక్కడే. వాణ్ణి బతిమాలుతున్నాను.

తమ్ముడు

*

షాపు నుంచి,
ఆగస్టు 6

తమ్ముడూ,

బొమ్మలు అందాయన్నావు, సంతోషం. టైమ్‌కీపరు తల రెండోసారికి కుదిరిందని రాశావు. మొదటిసారి సంగతి రాయలేదు. నేనూ అడగను.

సెప్టెంబరు దగ్గరపడింది. ఒక మాట ముందే అడగడం మంచిది. షాపు నీది. కుర్చీ ఒక్కటే, అదీ నీది. నువ్వు వచ్చిన రోజునుంచి నేనెక్కడ నిలబడాలో చెప్పు. పొమ్మంటే పోతాను, అందులో అనడానికేం లేదు. మధ్యాహ్నాలు ఆడవాళ్లకి మాత్రం ఇస్తానంటే అదైనా సరే. బాధపడి అడుగుతున్నాననుకోకు. బాధ ఉంది, కానీ అందుకని అడగడం లేదు. వచ్చే వారాలకి పేర్లు రాయించుకుంటున్నారు. వాళ్లకి నేను ఏదో ఒకటి చెప్పాలి కదా.

అక్క

*

క్వారీ క్యాంపు నుంచి,
ఆగస్టు 19

అక్కా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది.

కాంట్రాక్టరు ఇంకో ఏడాది ఉండమన్నాడు. ఉందామా అని రెండు రోజులు ఆలోచించాను. ఇక్కడైతే తప్పు జరగదు, గుండుకి తప్పేముంటుంది? మూడో రోజు టైమ్‌కీపరు తల చూసి వద్దని చెప్పేశాను.

షాపు నాదన్నావు. నేను తాళం వేసి వచ్చినవాణ్ణి. తెరిచింది నువ్వు. వడ్రంగికి నేను రాసిన ఉత్తరం బల్ల కాలికిందికి పోయింది. నువ్వు కత్తిరించిన జుట్టుకి ఆయన టేపు పెట్టి చూసి ఊరుకున్నాడు. ఇంక నన్ను అడగాల్సింది ఏముంది? పేర్లు రాసుకో. కుర్చీ దగ్గర నువ్వే నిలబడు. కిటికీ పక్క రెండో కుర్చీకి చోటుంది. ఉందో లేదో నువ్వే చూసి చెప్పాలి.

సెప్టెంబరు పదికి దిగుతాను. నన్ను పనిలో పెట్టుకుంటావా? ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. ఏడు అరల్లో నాలుగు వచ్చు.

తమ్ముడు

*

షాపు నుంచి,
ఆగస్టు 30

చిరంజీవి తమ్ముడికి,

దరఖాస్తు అందింది. కిటికీ పక్క కొలిచాను, చోటు ఉంది. మీ బావ కూడా నీ తరఫున ఒక మాట వేశారు.

మా షాపులో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారం నేల ఊడవాలి, తువ్వాళ్లు ఉతికి ఆరెయ్యాలి. రెండో వారంనుంచి మగవాళ్ల తలలు ఇస్తాను. ఆడవాళ్లవి మిగతా మూడు అరలూ వచ్చాకే. గడ్డాలు మాత్రం మొదటి రోజునుంచే నీవి. నాలుగు నెలలుగా పదకొండు మంది అలా పెంచుకుని నీకోసం కూర్చున్నారు. ఆ పోస్టుమాన్‌ని చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు.

పొద్దున ఏడింటికి తెరుస్తాను. ఆలస్యమైతే తమ్ముడివని చూడను.

అక్క